పసుపు రాసిన బ్యాటరీలు

సైన్యం వదిలాక నాకు దక్కిన ఈ పోస్టింగుకు చేరేసరికి వాన వెలిసింది. స్థలం: చంద్రపూర్ దాటాక అడవి అంచు, పత్తి చేను పక్క బాట. నేల: నల్లరేగడి. వెనక చక్రాలు ఇరుసుల దాకా దిగబడ్డాయి. వాహనం: టూరిస్టుల కోసం మా బామ్మర్ది కొన్న ఇల్లులాంటి వ్యాన్. అందులో మంచం, పొయ్యి, మా అత్తమ్మ. ఆమె ముక్కుకు గొట్టం, గొట్టానికి ఆక్సిజన్ మిషను, మిషనుకు రెండు బ్యాటరీలు. ఆస్పత్రి నుంచి నేరుగా లక్కడ్‌కోట్‌లోని ఇంటికి పోవాల్సినవాళ్లం. "అమ్మా, నీకు పులిని చూపిస్త" అని బామ్మర్ది బండిని ఇటు తిప్పాడు. లాగడానికి ట్రాక్టరు పొద్దున గానీ రాదు.

సైన్యంలో నేను బ్యాటరీలు చూసుకున్నవాణ్ణి. ఉమ్మితే నేల తాకేలోపు గోలీ అయ్యే చలిలో వాటికి కంబళి కప్పి, నేను వణుకుతూ సాకాను. అక్కడ ఒక సుఖం ఉంది. శత్రువు ఎటువైపు ఉంటాడో తెలుసు.

పొద్దు వాలుతుండగా మిషను కుయ్యోమొర్రోమంది. కరెంటు చాలడం లేదు.

"గట్లెట్లయితది బావా? పొద్దంత బండి నడిచె గదా, చార్జింగ్ ఎక్కాలె!"

బ్యాటరీల పెట్టె తలుపు బయటివైపు. దిగి తెరిచాను. రెండూ పెళ్లికూతుళ్లలా ఉన్నాయి.

"ఏందిరా ఇది?"

"దసరా పూజ బావా. క్లాంపులు ఇప్పి మరీ మంచిగ పూసిన."

పసుపు ముద్ద, కుంకుమ, వాటి మీద మళ్లీ క్లాంపు. ఎండి కోటగోడ అయింది. చార్జింగు లోపలికి పోదు, ఉన్నది బయటికి రాదు. ఒకటి పూర్తిగా మూగపోయింది. రెండోది కొనప్రాణంతో మిషన్ని మోస్తోంది. నేను మొదటిదాన్ని గోకి తగిలించేదాకా అది ఓర్చుకోవాలి. వ్యాన్‌లో దీపాలన్నీ ఆర్పించాను.

"బావా, ఒక్క మాట. ఇందాక ట్రాక్టరాయన ఫోన్ల చెప్పిండు. నిన్న గీడనే పులి ఆవును పట్టిందట."

"అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"అమ్మ భయపడ్తదని."

"దిగి టార్చి పట్టు."

"అమ్మకాడ ఎవరన్న ఉండాలె గద బావా!"

లోపల గడియ పడింది.

ఫోను టార్చి పళ్లతో పట్టుకున్నాను. ముందు నెగటివ్ వైరు ఊడదీశాను. తినే సోడా కలిపిన వేడినీళ్లు పోసి కత్తితో గోకాను. పొదల్లో జింక అరిచింది. ఆ అరుపు దేనికో అడవి పక్కన పుట్టినవాడికి చెప్పనక్కర్లేదు. నా పళ్లు టకటకలాడాయి, ఫోను జారి సోడానీళ్ల బురదలో ఆరిపోయింది. చీకటి. వెనక ఎవరిదో ఊపిరి. నాదే కావచ్చు. కానీ నాది అంత పెద్దది కాదు.

ఉన్నట్టుండి బ్యాటరీల పెట్టె పైన వ్యాన్ బయటి దీపం వెలిగింది.

శభాష్‌రా బామ్మర్దీ అనుకున్నాను. ఆ వెలుగులో తుడిచాను, క్లాంపులు పెట్టాను, పానాతో బిగించాను, పైన గ్రీజు రాశాను. అప్పుడు తెలిసింది, మిషను చప్పుడు లేదు.

కిటికీలోంచి చూశాను. బామ్మర్ది నిండా దుప్పటి ముసుగేసుకున్నాడు. అత్తమ్మ ఒక చెయ్యి దీపం స్విచ్చి మీద, రెండో చేతిలో ముక్కు నుంచి తీసేసిన గొట్టం. మిషను ఆపి, ఉన్న కాస్త కరెంటూ నాకిచ్చేసింది.

"మిషను పెట్టు అత్తమ్మా!"

"నువ్వు ముందు లోపలికి రా అల్లుడా. ఉరకకు. మెల్లగ."

పొద్దున ట్రాక్టరు లాగింది. ఇల్లు చేరాం. ఊరంతా అడిగింది, పులి కనబడిందా అని. "ఏడ? ఏం లేకుండె" అంటుంది అత్తమ్మ, ఇప్పటికీ.

నాకు మాత్రం ఆ కిటికీయే కళ్లముందుంటుంది. నోరు తెరిచి గాలి కోసం ఎగపోస్తూ, రెప్ప వెయ్యకుండా, నన్ను కాదు, నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్న అత్తమ్మ.