బీచుపల్లి వంతెన దాటిన ఇత్తడి పళ్లాలు

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. రెండు వేల మూడో నాలుగో సంవత్సరం అనుకుంటాను, వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పడానికి చేరి ఏడాది కూడా కాలేదు. ఊరికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టేవారు. నేను కళ్లజోడు సర్దుకుని అర్థం చెప్పేవాణ్ని (నాకే అర్థం కానప్పుడు ఇంకాస్త గట్టిగా చెప్పేవాణ్ని). ఆ కుర్రవాణ్ని తలచుకుంటే ఇప్పుడు నాకే భయం వేస్తుంది. అతని మాట పట్టుకుని మా ఇంట్లోవాళ్లు పది రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపారు.

మా తాత పోయిన పదకొండో రోజు అది. గద్వాల దగ్గరి మా ఊళ్లో దినం భోజనాలు అయిపోయాయి. వాకిట్లో ఆడవాళ్లు ఇంటింటి నుంచి అడిగి తెచ్చిన గంగాళాలు, గుండిగలు తోమి బోర్లిస్తున్నారు. మా వైపు ఇత్తడి సామాను కొంటే దాని అడుగున చుక్కలు చుక్కలుగా ఇంటివాళ్ల పేరు కొట్టిస్తారు. పెద్ద వంట అయ్యాక గిన్నె తిరగేసి, పేరు చూసి, ఎవరిది వాళ్లకు చేర్చాలి. మా అవ్వకు చదువు రాదు. అయినా మూలన కూర్చున్నచోటు నుంచి లేవకుండా, చిన్నమ్మ తెచ్చి చూపిన ప్రతి గిన్నె అడుగునా వేళ్లతో తడిమి, ఇది ఫలానా వాళ్లది అని చెబుతోంది. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

అదే సమయంలో లోపలి గదిలో చిన్నాయన తాత పెట్టె తాళం పగలగొట్టాడు (తాళంచెవి తాత మొలతాడుకు ఉండేది, దానితోనే ఆయన కట్టెల మీదికి పోయాడు). పంచెల కింద పాత దుప్పటిలో చుట్టి నాలుగు గుండ్రటి ఇత్తడి పళ్లాలు ఉన్నాయి. తినేవి కావు, గోడకు తగిలించేవి. పైన చిన్న కొక్కెం ఉంది. నల్లగా మసి పట్టిన ముందు వైపు తలపాగా పెట్టుకున్న ఒక ముఖం ఉబ్బెత్తుగా కనబడుతోంది. చుట్టూ ఉర్దూ అక్షరాలు. వెనక తారులాంటిదేదో మందంగా పూసి ఉంది.

"పంతులూ, గివేందిరా?" అన్నాడు చిన్నాయన.

తెలియదు అని ఉండవచ్చు. అనలేదు. ఇవి కోట గోడలకు ఉండేవని, వందేళ్లు దాటిన వస్తువు ఇంట్లో దొరికితే సర్కారుకు చెప్పాలని, చెప్పకపోతే కేసు అవుతుందని ఎక్కడో చదివిందంతా అప్పజెప్పాను. అంతకు వారం కిందటే పక్క ఊరి గుడి వెనక గుప్తనిధుల కోసం తవ్వినవాళ్లను పోలీసులు జీపులో తీసుకుపోయారు. చిన్నాయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. అప్పుడు మా ఇద్దరికీ ఒకటే సంగతి గుర్తొచ్చింది. తాత వయసులో ఉన్నప్పుడు గద్వాలలో ఒక దొర బంగ్లాలో దీపాలు తుడిచే పని చేశాడు. ఒకనాడు ఉన్నట్టుండి ఆ పని విడిచి ఊరికి వచ్చాడు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

పక్కవాళ్ల చెట్టు నుంచి అడక్కుండా వేపపుల్ల విరిచానని చిన్నప్పుడు నా చెయ్యి మీద కొట్టిన మనిషి ఆయన. పోలీసుల భయం ఉంది, కాదనను. కానీ ఆ మనిషి దొంగ అని తేలుతుందేమోనన్న భయం నన్ను ఎక్కువగా పట్టుకుంది. చిన్నమ్మ తలుపు తోసుకుని వచ్చి చూసి, "జర చింతపండు వెట్టి తోమితే ఏందో తెలుస్తది గద" అంది. పాతవస్తువులు తోమితే పాడవుతాయని నేను అడ్డుపడ్డాను. "ఇత్తడి తోమితే పాడైతదా?" అని చేతిలోని చింతపండు వైపు ఒకసారి చూసుకుంది. చదువుకున్నవాడు చెప్పాడు కదా, మళ్లీ అడగలేదు. దుఃఖంలో ఉన్న మనిషి, అవ్వకు మాత్రం చెప్పొద్దని ముగ్గురం అనుకున్నాం.

ఆ తర్వాత మూడో రోజు నేను వనపర్తికి బయలుదేరుతుంటే చిన్నాయన పళ్లాలను యూరియా సంచిలో కట్టి చేతికిచ్చాడు. "బస్సు బీచుపల్లి బ్రిడ్జి మీదికెళ్లే పోతది. కిటికీ కాడ కూసో. కృష్ణల ఏసెయ్. ఇంక గా ముచ్చట మనింట్ల వద్దు."

గద్వాల బస్టాండులో కిటికీ పక్క సీటు దొరికింది. సంచి కాళ్ల మధ్య పెట్టుకున్నాను. ఎర్రవల్లి చౌరస్తాలో ఒక కానిస్టేబుల్ ఎక్కి, బస్సంతా చూసి, నా పక్కనే కూర్చున్నాడు. నా గుండు చూశాడు.

"ఎవరు పోయిన్రు తమ్మీ?"

"తాత."

"ఎన్నేండ్లుంటయి?"

"ఎనభై దాటినయి."

"మంచి చావే. సంచిల ఏంది, మోగుతుంది?"

"పళ్లాలు" అన్నాను. అబద్ధం కాదు.

"ఇత్తడియి. స్టీలు గిట్ల మోగదు." ఆయన వంగి సంచి మీద వేలితో కొట్టి చూశాడు. "తాతయా?"

తల ఊపాను.

"మా నాయిన పోయినప్పుడు మా అన్నలు అన్నీ పంచుకున్నరు. నాకు ఒక్క చెంబు సుత రాలే" అంటూ సంచి పైకి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. "కింద వెట్టకు. పెద్దమనిషి సామాన్లకు కాళ్లు తగలొద్దు."

వంతెన వచ్చింది. కింద కృష్ణ నిండుగా ఉంది. సంచిని మోచేతుల కింద అదిమిపెట్టి కానిస్టేబుల్ ఆంజనేయస్వామి గుడి వైపు దండం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆ వంతెన మీద నా అంత భక్తిగా దండం పెట్టినవాళ్లు తక్కువమంది ఉంటారు. వనపర్తిలో దిగాక ఆయనే సంచిని నా భుజానికెత్తి, "పైలంగ పో" అని వెళ్లిపోయాడు.

నా అద్దె గది పక్కన గిన్నెలకు కళాయి పెట్టే ముసలాయన ఉండేవాడు. చాచా అనేవాణ్ని. పొద్దున్నే ఉర్దూ పేపరు చదువుతాడు. ఆ సాయంత్రం పళ్లాలు ఆయన ముందు పెట్టి, ఇవి ఒక స్నేహితుడి సామాను అని చెప్పాను. ఆయన ఒకటి దీపం వైపు తిప్పి చూశాడు.

"నవాబు గద్దెనెక్కి ఇరవై అయిదేండ్లయిందని రాసుంది సార్. సంతల్ల అమ్మిన్రంట, మా నాయిన చెప్తుండె."

"కోటలవి కావా?"

"గింత పల్సటియి కోటల వెడ్తరా?" బొటనవేలితో అంచు నొక్కి చూపించి, చింతపండు ముద్ద అందుకున్నాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. పాతవి, తోమకూడదు అన్నాను. ఆయన నెమ్మదిగా, "నలభై ఏండ్ల సంది తోముతున్న సార్. ఏ గిన్నె నా మీద కేసు వెట్టలే" అని చెయ్యి విడిపించుకున్నాడు.

వెనకవైపు తారు గీకి తోమితే చుక్కల అక్షరాలు బయటపడ్డాయి. తెలుగే. ఒకదాని మీద మా తాత పేరుంది. మిగతా మూడింటి మీద మా వీధిలోని మూడు ఇళ్ల పెద్దల పేర్లు: మగ్గం ఇల్లు, కిరాణం ఇల్లు, బావి పక్క ఇల్లు. బంగ్లాలో కాదు, తాత సొంత వీధిలోనే దొంగతనం చేశాడన్నమాట.

ఆదివారం ఊరికి తిరిగి వెళ్లి, తలుపు వేసి, చిన్నాయనకు చూపించాను. ఆయన ఒక్కొక్క పేరే చదువుతూ పోయాడు. చేతిలోని పళ్లెం జారి బండ మీద పడి మోగింది. "గా సప్పుడేందిరా?" అంటూ అవ్వ వచ్చేసింది. ఆమెకు చదివి చెప్పాల్సిన పని లేకపోయింది. పళ్లెం తిరగేసి వేళ్లతో తడిమింది. ఒక్కొక్కటే నాలుగూ తడిమి, ఎవరివి ఏవో చెప్పింది.

"నవాబు రాజ్యం పోయి సర్కారు మారిన ఏడు, నవాబు బొమ్మ ఇంట్ల ఉంటే పోలీసులు వట్కపోతరని పుకారు లేసింది. మీ తాత భయానికి బంగ్లా పని ఇడిసి ఉరికొచ్చె. మనది, ఇంకో మూడిండ్లయి కలిపి ఆయనకే ఇచ్చిరి, బీచుపల్లి పోయి కృష్ణల ఏసి రమ్మని. ఏసొచ్చిన అన్నడు." పళ్లాలను ఒకదాని మీద ఒకటి పేర్చింది. "నాతోని సుత గట్లనే అన్నడు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తాత పోయాక అదే మొదటిసారి.

"గీ ముచ్చట ముందుగాల ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు చిన్నాయన.

"నన్నెవరడిగిన్రు?" అంది. నా వైపు తిరిగి, "పేర్లున్నయి గద బిడ్డా. ఎవరియి వాళ్లకిచ్చి రా" అంది.

మూడు ఇళ్లకూ తిరిగాను. ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ కిరాణం ఇంటికి వెళ్తే, కోడలు పళ్లెం తిరగేసి పేరు చూసి, "మా మామదే. మొన్న మీ దినం వంటకు వచ్చెనా, నేను సూసుకోనే లే" అని తీసుకుపోయి మజ్జిగ కుండ మీద మూతగా పెట్టింది.

తాత పేరున్నది ఇప్పుడు నా దగ్గర ఉంది. అవ్వ కూడా లేదు. ఇంటికి వచ్చినవాళ్లు పళ్లెం కథ విని, మరి తాత వాటిని కృష్ణలో ఎందుకు వెయ్యలేదని అడుగుతారు. తెలియదు అంటాను. ఆ మాట నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. బస్సు బీచుపల్లి వంతెన ఎక్కితే ఇప్పటికీ నా చేతులు ముందు ఒళ్లోని సంచి మీదికే పోతాయి. అందులో టిఫిను డబ్బా తప్ప ఏమీ ఉండదు. దండం పెట్టాలన్నది వంతెన సగం దాటాక గుర్తొస్తుంది.