నైరుతి మూల నాపరాయి

మా ఇంటి వాకిట్లో పిడికెడు మట్టి దొరకదు. మా ఆయన రాళ్ళ మేస్త్రి. మాచర్ల వైపు క్వారీల నుంచి నాపరాళ్ళు తెప్పించి జనం ఇళ్ళకు పరుస్తాడు. నరసరావుపేటలో ఆయన పనికి మంచి పేరే ఉంది. సొంత ఇంటి దగ్గరికొచ్చేసరికి ఆ పేరు నెత్తికెక్కింది. గేటు దగ్గర మొదలుపెట్టి వెనక ప్రహరీ దాకా రాయి పరిచి, అతుకులన్నీ సిమెంటుతో పూసి, "చీమ కూడా దూరదు చూడు" అని నన్ను పిలిచి మరీ చూపించాడు. చూశాను. తులసి మొక్క ప్లాస్టిక్ కుండీలోకి మారింది.

ఆ రాళ్ళ మీద ఎనిమిదేళ్ళు ఒక తాబేలు తిరిగింది. గురజాల దగ్గర క్వారీ దారిలో లారీ కింద పడబోతుంటే ఆయనే దిగి పట్టుకొచ్చాడు. నల్లటి డిప్ప మీద పసుపు చారలుంటాయి, నక్షత్ర తాబేలంటారు. అది వచ్చిన వారంలోనే ఆయనకు ఒక కల్యాణ మండపం పని దొరికింది. ఇంకేముంది, అదృష్టం నాలుగు కాళ్ళతో నడిచి వచ్చిందన్నాడు. ఇక పొద్దున్నే దాని ముఖం చూడనిదే బండి తీసేవాడు కాదు. తోటకూర తరిగి పెట్టేది నేను, అది పాడు చేసిన చోటల్లా కడిగేదీ నేనే. అదృష్టం ఆయనది, చాకిరీ నాది.

పోయిన సంవత్సరం తొలకరి వానలు పడ్డ వారానికి అది తిండి మానేసింది. వాకిలంతా తిరిగి తిరిగి నైరుతి మూలకు చేరేది. అక్కడ వెనక కాళ్ళతో రాయిని గీకేది. ఒక కాలు, ఆ తర్వాత రెండో కాలు. కాసేపు ఆగి, ఉచ్చ పోసి, ఆ తడిలో మళ్ళీ గీకేది. ఆ గోళ్ళ చప్పుడు నాకు వంటింట్లోకి వినపడేది. జబ్బు చేసిందేమోనని ఫోన్లో వెతికాను. ఒక వీడియోలో అచ్చం అట్లాగే గీకుతున్న తాబేలు కనపడింది. గుడ్లు పెట్టడానికి గొయ్యి తీసుకుంటుందట. జత లేకపోయినా గుడ్లు పెడుతుందట. మట్టి దొరక్కపోతే లోపలే ఆపుకుంటుందట, అట్లా ఆగిపోతే ప్రాణానికే ముప్పట. ఎనిమిదేళ్ళుగా మేం దాన్ని "ఒరేయ్" అని పిలుస్తున్నాం.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ ఆయనకు చెప్పాను. "ఆ మూల ఒక్క రాయి లేపయ్యా. గుడ్లు పెట్టుకుంటది."

ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఏమే, మతి పోయిందా నీకు? నైరుతిలో గొయ్యి తీయమంటావా?"

ఆ గొయ్యి సంగతి చెప్పాలి. మాకు పిల్లల్లేరు. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి నేను ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి ఆయన వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చాడు. సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, నైరుతి మూల పాత ఇంకుడు గుంట ముందు ఆగి, "మీ బిడ్డల్ని మింగింది ఇదేనమ్మా" అన్నాడు. నైరుతిలో బరువుండాలట, గొయ్యి ఉంటే వంశం నిలవదట. డాక్టరమ్మ వేరే కారణం చెప్పింది. అది ఇంగ్లీషులో, ఫైల్లో ఉండిపోయింది. సిద్ధాంతి మాటలో తప్పు నాదీ కాదు, ఆయనదీ కాదు, గొయ్యిది. అందుకే ఇద్దరం నమ్మాం. మర్నాడే ట్రాక్టర్ మట్టి తెప్పించి గుంట పూడ్చాడు. దాని మీద రాయి వేశాడు. అట్లా మొదలై వాకిలంతా రాయి అయింది.

"నీ కోసం పూడ్చిన గొయ్యే అది. మళ్ళా నా చేత్తో తవ్వమంటావేంది?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే నేనూ నాలుగు మాటలు అనగలిగేదాన్ని.

అంతగా అయితే ఈశాన్యంలో లేపుతానన్నాడు. ఈశాన్యంలో గొయ్యి మంచిదేనట. లేపాడు కూడా. బోరింగు పక్కన, ట్యాంకు నీడలో, కింద కంకరా మొరమూ దిమ్మిస కొట్టి ఉన్నాయి. గోరు దిగితే ఒట్టు. నేను రోజుకు పదిసార్లు తాబేలును ఎత్తి అక్కడ పెట్టేదాన్ని. అది పదిసార్లూ ఎండ పడే నైరుతికే నడిచి వెళ్ళేది. దానికి వాస్తు తెలియదు మరి. నీళ్ళ టబ్బులో ఇసుక పోసి అందులో దించాను. అంచు పట్టుకుని పెనుగులాడి బయటపడింది. సంచిలో పెట్టుకుని వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాను. కుక్కలు మొరిగితే తల లోపలికి లాక్కుని గంటసేపు కదల్లేదు.

నాలుగో రోజు పశువుల ఆసుపత్రికి వెళ్ళి, అది గీకుతుంటే ఫోన్లో తీసిన వీడియో డాక్టరుకు చూపించాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇది ఇంట్లో పెంచకూడదమ్మా. ఫారెస్టోళ్ళకి తెలిస్తే కేసు అవుద్ది. నాకు చూపించినట్టు ఎవరికీ చెప్పమాక. మెత్తటి మట్టి చూపించు, లేకపోతే చచ్చిద్ది." అప్పుడే ఫారెస్టు వాళ్ళకు అప్పజెప్పి ఉంటే బతికేదేమో. కేసంటే భయపడి ఫోను సంచిలో వేసుకుని వచ్చేశాను.

నా పోరు పడలేక మా ఆయన సిద్ధాంతికి ఫోన్ చేశాడు. ఆషాఢంలో రాయి కదపకూడదన్నాడు సిద్ధాంతి. శ్రావణం వచ్చాక మంచిరోజు చూసి లేపి, శాంతి చేయించి మూసుకోమన్నాడు. శ్రావణానికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

"విన్నావుగా, ఆగమను దాన్ని" అన్నాడు మా ఆయన. తమాషాకే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఇంతసేపూ ఆయన మీదా సిద్ధాంతి మీదా చెప్పుకొచ్చాను. ఇప్పుడు నా సంగతి. గునపం వెనక గదిలోనే ఉంది. నేను మిరప చేలల్లో పెరిగినదాన్ని, బస్తాలు మోసినదాన్ని, ఒక రాయి లేపలేక కాదు. ఆయన పనికి వెళ్ళాక మూడుసార్లు గునపం చేతిలోకి తీసుకున్నాను. మూడుసార్లూ గోడకు ఆనించేశాను. ఎందుకంటే ఆ నెల నాకు ఆలస్యమైంది. తేదీ దాటి ఐదో రోజు, ఆరో రోజు అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. నలభై ఒక్కేళ్ళదాన్ని, సిగ్గు లేకుండా ఆశపడ్డాను. ఆ గొయ్యి నేనే తెరిస్తే, ఏమన్నా అయితే? బయట అది గీకుతుంటే వంటింట్లో రేడియో పెద్దగా పెట్టుకున్నాను.

తాబేలు గీకడం మొదలుపెట్టిన తొమ్మిదో రోజు నాకు మామూలుగానే నెలసరి వచ్చింది. బాత్రూంలోంచి బయటికొచ్చి గునపం కోసం వెళుతూ చూస్తే, అది గీకడం మానేసి ఉంది. కాళ్ళు చాపి, మెడ రాయి మీద వాల్చి పడుకుంది. గోళ్ళు అరిగి నెత్తురు కనపడుతోంది. ఇక తవ్వే ఓపిక దానికి లేదు. నేను గునపం దాకా వెళ్ళలేదు. నీళ్ళు తాగించబోయాను, తాగలేదు.

పదకొండో రోజు పొద్దున ఒక గుడ్డు రాయి మీద పగిలి ఉంది. చీమలు పట్టాయి. మా సిమెంటు అతుకుల్లోంచి ఎట్లా వచ్చాయో వచ్చాయి. మిగతావి దాని లోపలే ఉండిపోయాయి. అది చచ్చిపోయింది.

మా ఆయన దాని పక్కన చతికిలబడి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. "సాయంత్రం సాగర్ కాలవలో వదిలొస్తా" అని ముఖం కడుక్కుని పనికి వెళ్ళాడు.

ఆయన బండి చప్పుడు సందు మలుపు దాటగానే గునపం తెచ్చాను. సిమెంటు పెళ్ళలు రాలాయి. రాయి సందులో మొన దూర్చి ఊపితే అంచు లేచింది. కింద అప్పుడు మేం పోయించిన మట్టి. పొడిపొడిగా, చేత్తో తీస్తే వచ్చేంత మెత్తగా ఉంది. మూరెడు లోతు తీసి తాబేలును అందులో పెట్టాను, పగిలిన పెంకు కూడా పెట్టాను. గడియారం చూస్తే అంతా కలిపి పావుగంట.

సాయంత్రం ఆయన వచ్చి, గోడకు ఆనించిన రాయినీ కొత్త మట్టినీ చూసి ఆగిపోయాడు. "ఏందే ఇది?"

"పావుగంట పని. పదకొండు రోజులు నిన్ను అడిగాను" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. మర్నాడు సిమెంటు కలిపి, ఆషాఢమని కూడా చూడకుండా ఆ రాయి మళ్ళీ పరిచాడు. ఇప్పటికీ ఆ తప్పు తనదేనని ఆ మూలకు వెళ్ళడు. ఆ పావుగంట నా చేతిలోనూ ఉండిందని, మూడుసార్లు గునపం పట్టుకుని కూడా వదిలేశానని, ఎందుకు వదిలేశానో కూడా, నేను ఆయనకు ఈ రోజు వరకు చెప్పలేదు.