ఇల్లు మారినట్టు తెలీకూడదు

ఆ శుక్రవారం సాయంత్రం జగన్నాధం మావ ఒక కొత్త టికెట్ మిషనుకి పాత తోలు తొడుగు తొడిగి, దాని వీపు తట్టి ఇంటికి వెళ్లాడు. శనివారం లేవలేదు. ఆయనకి ఉన్నది ఒకటే పిచ్చి. మిషను మారిన సంగతి లోపలి ప్రోగ్రాముకి తెలియకూడదు.

అరసవల్లి రోడ్డులో మా షాపు. బస్సు కండక్టర్ల చేతి మిషన్లు బాగుచేసేవాళ్లం. 2014లో కొత్తవి వచ్చాయి. ప్రాసెసరు వేరు, పాత ప్రోగ్రాము భాష దానికి ఒక్క ముక్క అర్థం కాదు. కొత్త ప్రోగ్రాము రాసేద్దామన్నాను. మావ వినలేదు. ఇద్దరి మధ్య మాట అందించే చిన్న ప్రోగ్రాము ఒకటి రాశాడు.

“ఇచ్ఛాపురం బస్సులో ఒడియా ముసల్ది ఎక్కితే దిగిపొమ్మంటారేటిరా? పక్కనున్నోడు తెలుగులో సెప్తాడు కదా,” అన్నాడు.

ఇంట్లోనూ ఇదే మర్యాద. కొత్త కుక్కర్ కొంటే, పాతది వంట చేస్తుంటే చూసి నేర్చుకోమని దాన్ని మూడు రోజులు పక్కన కూర్చోబెట్టించాడని నారాయణమ్మ అత్త చెప్పేది.

మిషన్లు ఇచ్చిన మొదటి రోజే గొడవ. మీట నొక్కాక పాత ప్రోగ్రాము వెయ్యి అంకెలు లెక్కపెట్టుకుని, అప్పుడు మళ్లీ మీట వైపు చూసేది. కొత్త ప్రాసెసరు ఆ వెయ్యినీ రెప్పపాటులో లెక్కపెట్టేసింది. వేలు తియ్యకముందే రెండో టికెట్టు వచ్చేసేది. నౌపడ బస్సు కండక్టరు సూరయ్యకి చెయ్యి వణుకు. ఆయనకి నాలుగేసి వచ్చాయి. మళ్లీ ఇలా అయితే బస్సు దింపి డిపో గేటు దగ్గర కూర్చోబెడతామన్నారట. ముప్ఫై ఏళ్లు బస్సులో నిలబడ్డ మనిషి మా బల్ల మీద కూలబడ్డాడు.

“గేటు ఎక్కడికీ ఎల్లదు బాబూ,” అన్నాడు.

మర్నాటికల్లా మావ ఆ వెయ్యిని లక్ష చేశాడు. గొడవ సర్దుకుంది. అయినా రెండు వారాలు రోజూ నౌపడ బస్సెక్కేసేవాడు. షాపు నా నెత్తిన పడింది.

“పనైపోయింది కదా మావా, ఇంకా ఏటి తిరుగుడు?”

“ఆ మిషనుకి దారి కొత్తరా. ఒక్కదాన్నే ఎలా పంపుతాను?”

నౌపడ ఉప్పుమడుల గాలికి తిరుగుతున్నావని విసుక్కున్నాను. మర్నాడు నా బల్ల మీద ఒక ఉప్పు పొట్లం పెట్టాడు.

మావ పోయిన పదకొండో రోజున సూరయ్య వచ్చాడు. ఇంకా బస్సు డ్యూటీలోనే ఉన్నాడు.

“ఏ మందూ వాడలేదు బాబూ. ఆ మిషనొచ్చాక నా సెయ్యి వణుకు తగ్గిపోనాది,” అన్నాడు. అంటుంటే చేతిలోని గ్లాసులో టీ తొణికి ఒళ్లో పడుతోంది.

ఆయన వెళ్లాక ప్రోగ్రాము తెరిచాను. లక్ష అంకెల లెక్క అందరికీ ఉంది. ఒక్క కండక్టరు నంబరుకి మాత్రం నాలుగు లక్షలు. సూరయ్య నంబరు. పక్కన మావ రాసి కొట్టేసిన అంకెలు, తేదీలతో: రెండు లక్షలు, రెండుంపావు, రెండున్నర... రోజుకొకటి.

వాటిలో రెండు ఆదివారాలున్నాయి. షాపుకి నేను రమ్మన్నానని ఇంట్లో చెప్పి వెళ్లాడట. చేపల పులుసు పూట మనిషిని ఇంట్లో ఉండనివ్వలేదని, ఆ రెండు ఆదివారాలూ అత్త నన్నే తిట్టుకుందట.