చొక్కా మీద కింది వరస

పోయిన సోమవారం పొద్దున మా మనవరాలు బడికి బయలుదేరుతూ కొత్త బనీను వేసుకుంది. ఖోఖో జట్టులో చేరినందుకు బడివాళ్లు ఇచ్చిందట. రొమ్ము మీద కన్నడంలో రెండు వరసలు: పైన బడి పేరు, కింద ఊరి పేరు. నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్లే కాబట్టి కంటపడినదాన్ని చదవకుండా వదలలేను. అగ్గిపెట్టె, పెళ్లిపత్రిక, బస్సు నొసటి మీది ఊరి పేరు, ఏదైనా సరే. కన్నడం ఆ పిల్లే నేర్పింది. తెలుగు అక్షరాలు వాటికి పక్కింటివే కనుక మెల్లగా అవీ వచ్చాయి. బనీను కూడా కూడబలుక్కుని చదువుతున్నాను. పై వరస ముగించి కిందికి వచ్చేసరికి కింది వరస లేదు. పిల్ల బనీను అంచును లంగాలోకి దోపేసుకుంది. కాఫీ లోటా చేతిలో పట్టుకుని అట్లాగే అరుగు మీద కూలబడ్డాను. అట్లా మాయమైన ఒక కింది వరస కోసం నేను యాభై ఏళ్లు మాటలు పడ్డాను.

బాగేపల్లి పక్క పల్లె నుంచి నన్ను చింతామణికి కాపురానికి తెచ్చేటప్పటికి నాకు పదిహేనేళ్లు. యుద్ధం రోజులు, గుడ్డకూ కిరసనాయిలుకూ కరువు. మా ఆయన హైస్కూల్లో డ్రిల్ మేష్ట్రు. పిల్లకాయలకు పుట్‌బాల్ ఆట నేర్పేవాడు. జట్టంతటికీ ఉన్నది ఒకటే బంతి. అది మా మంచం కింద పడుకునేది. వానాకాలంలో తోలు బిరుసెక్కకుండా దానికి ఆముదం పట్టించేవాడు. జ్వరం వచ్చిందా అని నన్ను ఎన్నడూ తాకి చూడనివాడు, గాలి దిగిందా అని దాన్ని మాత్రం రోజూ నొక్కి చూసేవాడు. మురుగమల్ల నుంచి, ఇంకా చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి చదువుకునే పిల్లకాయలు ఆదివారం ఆట అయినాక మా ఇంటికే వచ్చేవాళ్లు. పదకొండు మందికి రాగి సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి పెట్టేదాన్ని. కాళ్లకు బూట్లు లేవు, కడుపులకు మాత్రం అడుగు లేదు. సంగటి చేతిలో పట్టుకునే వాళ్లు గోడ మీద బొగ్గుతో గీతలు గీసి, ఎవరు ఎక్కడ నిలవాలో రాసుకునేవాళ్లు. వాళ్లు పోయినాక ఆ రాతల మీద వేలు పెట్టి తిప్పి చూసుకునేదాన్ని, ముగ్గు చూసినట్టు.

మా ఆయన అది ఒకసారి చూశాడు. ఆ పూట మంచి హుషారులో ఉన్నాడు. చిక్కబళ్ళాపురంలో జరిగే పందేనికి జట్టును తీసుకుపోయే తయారీలో ఉన్నాడు. "కప్పు గెలిచి రానీ, నీకూ ఒక పలక తెస్తా. దినానికొక అక్షరం నేర్పిస్తా" అన్నాడు. మా అత్త లోపలి నుంచి "ఊరికే దాన్ని చెడగొట్టాకు" అంది. నేను మాత్రం ఆ దినం నుంచి వాళ్లకంటే ఎక్కువగా ఆ కప్పు కోసం మొక్కుకున్నాను. ఆటంటే నాకేం తెలుసు? నాకు కావలసింది పలక.

హెడ్‌మాస్టరు తిప్పలు పడి చొక్కాలకు గుడ్డ సంపాదించాడు. కరువు గుడ్డ కాబట్టి దర్జీ ఇరుకుగా కుట్టాడు. ఊరి పేరు ఒక వరసలో పట్టలేదు. మా ఆయన సుద్దముక్కతో "చింతా" పైన, "మణి" కింద, బొడ్డు దగ్గరగా, గీసి నన్ను కుట్టమని ఇచ్చాడు. ఎర్ర దారంతో గొలుసుకుట్టు. పదకొండు చొక్కాలు. ఆయన గీసిన గీత మీది నుంచి నువ్వుగింజంత కూడా సూది తప్పనివ్వలేదు. ఆ అక్షరాల అర్థం తెలియదుగానీ వాటి వంకలన్నీ నా వేళ్లకు బాగా తెలుసు.

పోయే దినం పొద్దున పిల్లకాయలను మా వాకిట్లో వరసగా నిలబెట్టాడు. మా ఆయనకు ఒక పట్టుదల: చొక్కా నిక్కర్లోకి దోపుకోవాల్సిందే. బయట వేలాడితే పోకిరి వేషమని చెవి మెలిపెట్టేవాడు. ఒక్కొక్కడి దగ్గరికి పోయి తనే బిగించి దోపుతున్నాడు. తలుపు సందులోంచి చూస్తున్న నాకు ప్రాణం ఉసూరుమంది. ఇన్ని దినాలు కళ్లు పొడుచుకుని కుట్టిందాంట్లో సగం లోపలికి పోతూ ఉంది. మంచినీళ్ల చెంబు ఇచ్చే నెపంతో దగ్గరికి పోయి, "కింద కుట్టింది కనపడల్యా" అని మెల్లగా చెప్పాను. "రాతల సంగతి నీకేం తెలుసు, పక్కకు జరుగు" అన్నాడు. నిజమే, ఆయన చదువుకున్నవాడు, ఆయనకు తెలియదా అనుకుని జరిగాను.

రెండో దినం తిరిగి వచ్చారు. కప్పు లేదు. గోలులు ఎన్ని పడ్డాయో నేను అడగలేదు. మా ఆయన చొక్కాల మూట తెచ్చి నా ఒళ్లోకి విసిరాడు. "చింత అని కుట్టినావు. ఊరూరంతా నవ్వె. అక్షరం రాని దాని చేతికి ఇస్తే ఇట్లే అయితాది" అన్నాడు. ఆట మొదలుకాకముందే అవతలి జట్టు వాళ్లు "ఏమప్పా, ఇంత చింతతో యాడికి వచ్చినారు" అని మొదలుపెట్టారట. ఇక మైదానం చుట్టూ అదే పాటట. హెడ్‌మాస్టరు అడిగితే, ఇంట్లో ఆడమనిషికి చదువు రాదు సార్, తప్పు కుట్టింది అని ఈయన చెప్పాడట. ఇదంతా గోలుకాసే పిల్లకాయ వాకిట్లో నిలబడి చెప్పాడు. వాడు ఇంకో మాట కూడా అన్నాడు: "అమ్మా, అక్షరాలు సరిగ్గానే ఉండాయి. చొక్కాలు బయటికి తీస్తామంటే సారే..." మా ఆయన "ఇంటికి పోరా" అని గద్దించాడు. వాడు పోయాడు. నా సంగటి తిన్న పిల్లకాయ, నా బాధ చూడలేక అట్లా అన్నాడనుకున్నాను. అక్షరం అంటే ఏమిటో ఎరగనిదానికి, మాటను సగం దాస్తే మిగిలిన సగం ఇంకో మాటవుతుందని ఎట్లా తెలుస్తుంది?

పలక రాలేదు. నేనూ అడగలేదు, ఏ ముఖంతో అడుగుతాను? మా అత్త పోయేవరకు నన్ను చింతమ్మ అనే పిలిచింది. మా ఆయన కొడుక్కి నేర్పాడు, ఊరి పిల్లకాయలకు నేర్పాడు. నేను పుస్తకం పక్కన కూర్చుంటే "నీకెందుకు, ఒకసారి చూసినాం కదా" అనేవాడు. నేనూ అవును కదా అనుకునేదాన్ని. ఆయన పోయినాక గానీ పలక పట్టే ధైర్యం రాలేదు.

ఆ చొక్కాల్లో పది మసిగుడ్డలై పోయాయి. మిగిలిన ఒకటి పాత దిండు లోపలి గలీబు అయింది. సోమవారం మనవరాలు బడికి పోయినాక ఆ దిండు విప్పాను. దూది దులిపి, చొక్కాను మోకాలి మీద పరిచి, వేలు పెట్టి చదివాను. చిం, తా. కింద మ, ణి. ఒక్క వంక తప్పలేదు. దారం రంగు వెలిసింది గానీ కుట్టు ఎక్కడా వదల్లేదు.

గోడ మీద పటంలో మా ఆయన కోటు గుండీలన్నీ పెట్టుకుని నిక్కచ్చిగా నిలబడి ఉన్నాడు. ఆయనకు చదివి వినిపిద్దామని చొక్కా ఎత్తి పట్టుకున్నాను. కానీ ఆయనకు తెలియనిదేముంది? ఆ దినం మైదానంలోనే తెలిసి ఉంటుంది. తెలియనిది నాకే. నా చేత్తో నేను కుట్టిన నాలుగు అక్షరాలు చదవడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది. ఆ యాభై ఏళ్లూ తప్పు తనదేనని తల వంచుకుని బతికిన ఆ చింతమ్మ దగ్గరికి పోయి ఈ మాట చెప్పడానికి, కాలంలో వెనక్కి పోయే బస్సు ఏదీ లేదు.