తెల్లగా పడిన చందువ

మా జువాలజీ మాస్టారు బుధవారం పొద్దున బందరులో కన్నుమూశారు. ప్రయోగశాలలోని కప్పల తరఫున, బొద్దింకల తరఫున ఘనంగా సంతాపం ప్రకటిద్దామని కాగితం తీశాను. ఒక్క వాక్యం రాసేసరికి కలం ఆగిపోయింది. నా వెటకారానికి అందరికంటే ముందు నవ్వే మనిషి ఆయనే.

పసిఫిక్ దీవుల్లో అణుబాంబులు పేల్చి చూశాక, శాస్త్రజ్ఞులు మళ్లీ అక్కడికి వెళ్లి చేపల్నీ, పీతల్నీ, కొబ్బరికాయల్నీ పరీక్షించిన సంగతి ఆయన కథలా చెప్పేవారు. "అక్కడి చేపని చీకట్లో ఫోటో ప్లేటు మీద పెడితే, ఒంట్లో ఉన్న విషంతో దాని బొమ్మ దానంతటదే పడుతుందిరా" అని కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. "మరి ఆ దీవులవాళ్లు ఏం తింటార్రా?" అని మమ్మల్నే అడిగేవారు, మాకేదో తెలిసినట్టు.

ఒకసారి మన సముద్రాన్నీ చూద్దామన్నారు. గిలకలదిండి రేవు నుంచి బుట్ట తెచ్చే చేపల అత్త దగ్గర చందువ చేప కొని, చీకటిగదిలో ప్లేటు మీద పెట్టారు. నేను దొంగచాటుగా దూరి, టార్చి ఒక్కసారి వెలిగించి ఆర్పేశాను. ప్లేటు కడిగితే చేప బొమ్మ! క్లాసంతా నోరెళ్లబెట్టింది. నేను అంతటితో ఊరుకున్నానా? "బాంబు చేప వచ్చిందహో" అని బజారంతా చాటాను. మూడు రోజులు అత్త దగ్గర ఒక్క చేప కొన్నవాడు లేడు.

నాలుగో రోజు మాస్టారు అత్త చందువనే కొని, కూర వండించి, క్యారియరుతో కాలేజీ గేటు దగ్గర కూర్చున్నారు. అందరూ చూస్తుండగా ముళ్లు ఏరుకుంటూ తిన్నారు. "ఆ బొమ్మ తప్పు. పొరపాటు నాది" అన్నారు. నేను నోరెత్తలేదు. ఆ రోజు నుంచీ అత్త బుట్టలో ఆయనకని ఒక చందువ వేరే ఉండేది.

బుధవారం మాస్టారి ఇంటికెళ్లి, ఆయన భార్య అమ్మగారి దగ్గర కూర్చుని టార్చి సంగతి చెప్పేశాను.

"ఆయనకి అప్పుడే తెలుసు బాబూ. విషం ఉంటే చేప నల్లగా పడాలిట. ఇది టార్చి వెలుగుకి చుట్టూ నల్లబడి, చేప అడ్డున్న చోటు తెల్లగా మిగిలిందిట. టార్చి నీదేనని కూడా తెలుసు."

"మరి నన్ను ఒక్క మాటా అనలేదేమండీ?"

"'వాడు చెప్పాల్సింది నాకు కాదు, ఆ చేపలమ్మికి. చెప్తాడులే' అనేవారు. ఇన్నేళ్లూ ఎదురుచూశారు."

ఇంటి గేటు బయట అత్త బుట్ట దించుకుని కూర్చుని ఉంది. "చీకటిగదిలో టార్చి వేసి ఆ చేప బొమ్మ పడేలా చేసింది నేనే అత్తా. బాంబు చేప అని అరిచిందీ నేనే" అన్నాను.

బుట్ట మీది తడిగుడ్డ సర్దుకుంది. తిట్టినా బాగుండేది.

"అయితే మాస్టారుగారు ఆ రోజు తిన్నది నీ తప్పు కడగడానికా బాబూ?"

బుట్టలోంచి, ఎప్పటిలా ఆయనకని విడిగా ఆకులో చుట్టిపెట్టిన చందువ తీసి నా చేతుల్లో పెట్టింది. "ఇంకెవరికిస్తాను? పట్టుకెళ్లి తిను."

బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. లోపల కీర్తన మొదలుపెట్టారు. ఆ చేపని రెండు చేతులతో పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాను. ఆకులోంచి ఉప్పునీళ్లు నా కాళ్ల మీద ఒక్కొక్క చుక్కే పడుతున్నాయి.