సెల్లాయి తినడానికి వచ్చిన రోజు

ముందు బకెట్ వచ్చేది. రేకు బకెట్ అంచు వెనక సందులోని రాతిపలకకు తగిలి ఠంగుమనేది. ఆ మోత నా ఇడ్లీ దాకా వచ్చాకే గుమ్మంలో సెల్లాయి కనిపించేది. అప్పుడు నేను మిల్లు గుమాస్తాని.

కోయంబత్తూరు మిల్లు రోడ్డులో మీనాంబాళ్ విలాస్ ఉండేది. యజమాని వరదరాజన్ తండ్రి తన భార్య పేరు పెట్టిన హోటలు. ఆవిడ వంట ఎవరూ తినలేకపోయేవారట, అందుకని పేరొక్కటే వాడుకున్నాడు. మిల్లు కూత కూయగానే జుట్టు నిండా దూదితో జనం వచ్చి పడేవారు. ఆ దూది సాంబారు మీద చిన్న చిన్న మబ్బులై తేలేది. మబ్బుల్ని వేలితో పక్కకు తోసి తినేవాళ్ళం.

తిన్న అరిటాకులు తీయడం సెల్లాయి పని. ఆకును అక్కడ 'ఎల' అనేవారు. పెళ్ళికి ముందు మొదలుపెట్టింది, మనవరాలు పుట్టాక కూడా అదే పని. వెనక సందులోంచి వచ్చేది, వెనక సందులోంచే పోయేది. ఆమె కాఫీ గ్లాసు బయట గోడకు మేకు మీద వేలాడేది. ఆమె కులం ఎవరూ పైకి అనేవారు కాదు, గ్లాసే చెప్పేది. అందరినీ రానివ్వాలని చట్టం వచ్చినప్పుడు వరదరాజన్ "అందరూ రావచ్చు" అని బోర్డు రాయించి ముందు వాకిట్లో తగిలించాడు.

సెల్లాయి అందరినీ "సామీ" అనేది. అందులో భక్తి ఎంతో ఆ సామికే తెలియాలి. "వడ మిగిలించినారే సామీ, పెళ్ళాంతో కొట్లాడినారా?" అని నన్నే అడిగింది. వరదరాజన్ ఇంట్లో మాట తెలుగు, ఆమె ఇంట్లోనూ తెలుగే. తిట్లు కూడా అవే. కూర్చునే చోటే వేరు.

కొన్నాళ్ళకు హోటలు పడగొట్టి సినిమా టాకీసు కడతారని తేలింది. వరదరాజన్ మనసు కరిగి, పనివాళ్ళను ఏం కావాలో కోరుకోమన్నాడు. వంటవాడు అయ్యప్పన్ పెద్ద అండా అడిగాడు.

"నాకు ముందు బల్ల" అంది సెల్లాయి.

"బల్ల ఎత్తుకుపోయి ఏమి చేస్తావే?"

"ఎత్తుకుపోను సామీ. కూకుంటా. ఎల ఏసి సాపాటు పెట్టండి."

వరదరాజన్ ముఖం పులిసిన పిండిలా పొంగింది. "జనం ఏమంటారే?"

"హోటలు పోతే యాడ తినేదో ఆ జనానికే తెలీదు. నన్నేమంటారు?"

"పెట్టండి మొదలాళీ," అన్నాడు అయ్యప్పన్ యజమానితో, "ఇంక నాలుగు దినాలు పోతే గోడే ఉండదు."

ఆఖరి మధ్యాహ్నం బకెట్ మోగలేదు. నేను తలెత్తేసరికి సెల్లాయి ముందు బల్ల దగ్గర కూర్చుని ఉంది, బోర్డు కింద నుంచే వచ్చి. వరదరాజనే వడ్డించాడు. పక్క బల్ల మీద వాళ్ళు చేతులు కడుక్కోకుండానే లేచిపోయారు.

"పోనీ, గాలి వస్తాది" అంది సెల్లాయి. సాంబారులో ఉప్పు తక్కువంది. రసం మళ్ళీ పోయించుకుంది. పాయసం చివరి బొట్టు దాకా జుర్రి, ఆకు మడిచింది.

వరదరాజన్ అలవాటుగా వెనక గుమ్మం వైపు తిరిగి కేకేశాడు: "ఏ సెల్లాయీ! ఎల తియ్యి!"

గాలిలో దూది కూడా ఎటు పడాలో తెలియక నిలబడింది.

"సెల్లాయి ఈపొద్దు పనికి రాలేదు సామీ," అందామె, ఎంగిలి చేయి గాలికి ఆరబెట్టుకుంటూ. "తినేదానికి వచ్చింది."

వరదరాజన్ అయ్యప్పన్ను చూశాడు. అయ్యప్పన్ పైకప్పును చూశాడు. ఇంక చూడ్డానికి ఎవరూ మిగలక, ఆయన వంగి రెండు చేతులతో ఆకు ఎత్తాడు, నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తినట్టు. మడత జారి రసం తెల్లటి పంచె మీదుగా కారింది. అలాగే వెనక సందులోకి నడిచాడు. కాసేపటికి బకెట్ ఠంగుమంది.

టాకీసు కట్టాక, ఆడవాళ్ళ టికెట్ల వరుసలో సెల్లాయి కనిపించింది. ఆ రోజు భోజనం గుర్తుందా అని అడిగాను. ఆమెను చూడటం అదే ఆఖరు. వరుస కదిలిపోతుంటే వెనక్కి తిరిగి, తమ్ముణ్ణి పిలిచినట్టు అంది:

"సాపాటు బాగుండె తంబీ. ఎల తీసినోడికే పని రాదు."