మామగారి రొయ్యలకు నా సబ్‌వూఫర్ కచేరీ

పాట వింటే పైరు ఏపుగా పెరుగుతుందనీ, ఆవు పాలెక్కువిస్తుందనీ ఎవరైనా చెబితే నమ్మండి, నాకేం అభ్యంతరం లేదు. రొయ్యల సంగతి మాత్రం నన్నడగండి. కొత్తల్లుణ్ణైన ఏడాదే మామగారి చెరువులో బుట్టలకొద్దీ రొయ్యల్ని పాట పెట్టి చంపిన ఘనుణ్ణి నేను. ఈ సంగతి ఇన్నాళ్లూ గుట్టుగా దాచాననుకునేరు! ముదినేపల్లి చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు.

అప్పట్లో ఏలూరులో మేడమీద చిన్న వాటాలో ఉండేవాళ్లం. పాటంటే చెవిలో కాదు, గుండెలో మోగాలన్నది నా సిద్ధాంతం. అందుకని సబ్‌వూఫర్ కొనడానికి వెళ్లాను.

"ఏది బాగుంటుందండీ?" అన్నాను షాపాయనతో.

"మీ చెవికేది బాగుంటే అదేనండీ."

నా చెవి మీద నాకే నమ్మకం లేదు. కళ్లనే నమ్ముకున్నాను. ఎనిమిదంగుళాలది మోగితే బల్లమీద టీ గ్లాసు వణికింది. పదంగుళాలదానికి పక్కకి జరిగింది. పన్నెండంగుళాలదానికి బల్ల చివరిదాకా నడిచివెళ్లి కిందికి దూకింది.

"ఇదే ఇవ్వండి" అన్నాను. పగిలిన గ్లాసు కూడా బిల్లులో వేయించుకుని విజయగర్వంతో ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రమే కింది వాటా నుంచి ఇంటివారావిడ మెట్లెక్కి వచ్చింది.

"ఏవండీ బాబుగారూ, ఏమీ అనుకోకండి. మా అటకమీద ఇత్తడి బిందెలు వాటంతటవే దిగొచ్చేస్తున్నాయండీ."

"పాత పాటేనండీ, మెలోడీ."

"పాతదో కొత్తదో బిందెలకేం తెలుస్తుందండీ పాపం?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట ఓడిపోయాను గనక అత్తారింట గెలుద్దామని, ఆ డబ్బాను కార్లో వేసుకుని, మా ఆవిడ సుజాతను వెంటబెట్టుకుని ముదినేపల్లి దగ్గర వాళ్ల ఊరు బయల్దేరాను. ఆ ఇంటికి ఒకపక్క వరిచేను, మూడుపక్కలా రొయ్యల చెరువు. బిందెలవాళ్లెవరూ లేరు.

ఇక్కడ మామగారి నిద్ర గురించి మీకు చెప్పి తీరాలి. చెరువులో ఏరేటర్లు తిరిగి నీళ్లు చిలుకుతుంటేనే రొయ్యలకు ఊపిరి. కరెంటు పోయి అవి ఆగితే వెంటనే జనరేటర్ వేయాలి, లేకపోతే రొయ్యలు గాలాడక పైకి తేలిపోతాయి. కరెంటు పోగానే కూసేలా చాలామంది సైరన్ పెట్టుకుంటారు. మామగారు మాత్రం తన చెవినే నమ్ముకున్నారు. ఏరేటర్ల హోరు వినిపిస్తున్నంతసేపూ గురకపెట్టి పడుకుంటారు. అది ఆగిందా, కళ్లు తెరుచుకునేలోపే కాళ్లు గట్టెక్కేస్తాయి. మా పెళ్లికి ఏలూరు వచ్చినప్పుడు, "ఇంత నిశ్శబ్దంలో మనుషులెలా పడుకుంటారండీ?" అంటూ కల్యాణమండపమంతా తిరిగారట.

ఆ రోజు మబ్బు పట్టింది. మబ్బు పట్టిన రోజు నీళ్లలో గాలి తగ్గుతుందని పగలు కూడా ఏరేటర్లు ఆపరు. భోజనాలయ్యాక నా డబ్బాను మామగారి మంచం పక్కనే గోడమూల పెట్టాను. కరెంటు పోయినా పాట ఆగకూడదని ఇన్వర్టర్ ప్లగ్గులో గుచ్చాను. అంతటి ముందుచూపు నాది!

"ఎలా ఉందండీ మామయ్యగారూ?"

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "అచ్చం మన ఏరేటర్లలాగే ఉందండీ అల్లుడుగారూ! ప్రాణానికి హాయిగా ఉందండీ. ఇంకాస్త పెంచండి."

గాడిద సంగీతానికి ఒంటె ఆశ్చర్యపోవడం అంటారే, అది మా ఇద్దరికోసమే పుట్టిన సామెత. పెళ్లైన దగ్గర్నుంచీ ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నాకు కళ్లు చెమర్చాయి. అదే పాట ఆగకుండా తిరిగేలా పెట్టి, ఆయన గురక అందుకోగానే నేనూ కుర్చీలో వెనక్కి వాలాను.

కాసేపటికి పెరట్లోంచి సుజాత కేకేసింది.

"ఏవండీ, కొంగలన్నీ మన చెరువు మీదే వాలుతున్నాయేంటండీ?"

"పాట బాగుంది కదా, అందుకే."

"కొల్లేటి కొంగలు కూడా వచ్చేసినట్టున్నాయండీ!"

"వస్తాయి మరి. పన్నెండంగుళాలది! చాలా దూరం వినబడుతుంది."

"రొయ్యలు పైకొచ్చి ఎగురుతున్నాయండీ!"

"చూశావా, వాటికీ హుషారొచ్చింది!"

ఆమె లోపలికి పరిగెత్తుకొచ్చి ఇన్వర్టర్ మీద ఎర్రదీపం చూసింది. "అయ్యో, కరెంటు పోయిందండీ! ఏరేటర్లు ఆగిపోయాయి! నాన్నగారూ, లేవండి!" అంటూ తండ్రి భుజం పట్టి కుదిపింది.

"పడుకోనీయమ్మా, ఏరేటర్లు తిరుగుతున్నాయిగా" అని ఆయన అటు తిరిగి పడుకున్నారు.

సుజాత నా సబ్‌వూఫర్ ప్లగ్గు పట్టుకుని లాగేసింది.

"కరెంటు పోయిందర్రా!" మామగారి కేక ఇంట్లో వినబడేసరికి మనిషి జనరేటర్ దగ్గరున్నారు. నేనూ సాయం చేద్దామని పరిగెత్తి, గట్టుమీద జారి నడుంలోతు నీళ్లలో పడ్డాను. పైకి రావడానికి చేతులూ కాళ్లూ కొట్టుకుంటూ కాసేపు నీళ్లు చిలికాను. ఆ పూట రొయ్యలకు నావల్ల అందిన గాలి అంతే.

జనరేటర్ అందుకుంది, ఏరేటర్లు తిరిగాయి. నెలల తరబడి ఆయన కన్నబిడ్డలా సాకిన పంట అది. మొత్తం పోయుంటే ఆయన మొహం ఎలా చూసేవాణ్ణి? దేవుడి దయవల్ల చాలావరకు బతికాయి. బతకనివాటిని బుట్టల్లోకెత్తారు.

"మీ తప్పేముందండీ అల్లుడుగారూ" అన్నారు మామగారు, నా మొహం చూడకుండా.

మా వైపు మర్యాదే అంత. అల్లుణ్ణి తిట్టరు, తినిపిస్తారు. ఆ రాత్రి రొయ్యల వేపుడు. పొద్దున ఇడ్లీలోకి రొయ్యల ఇగురు. మధ్యాహ్నం గోంగూర రొయ్యలు. సాయంత్రం రొయ్యల పకోడీ. నాకు కళ్లు మూసుకుంటే మీసాలు కనబడుతున్నాయి.

"ఇంక చాలండీ అత్తయ్యగారూ" అని విస్తరి మీద చేతులడ్డం పెట్టాను.

"అలా అనకండి బాబూ" అంది అత్తగారు, నా చేతుల సందులోంచి ఇంకో గరిటె వడ్డిస్తూ. "మీ పాట విని పోయినవే కదండీ. మీరే తినేస్తే వాటికీ పుణ్యలోకాలు."

కనుక, సంగీతప్రియులారా, ఇదే నా భీషణ ప్రతిజ్ఞ. పైన మబ్బు, పక్కన చెరువు, మంచం మీద మామగారు ఉండగా, పన్నెండంగుళాలది కాదు గదా, ఈల కూడా వేయను. నా కడుపులో అరిగిన ప్రతి రొయ్యా ఇందుకు సాక్షి.